ఆధార్ లేని శరణార్థి కుటుంబం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న పాప: ముందు ఏం చేయాలి?

ప్రశ్న: ఆదివారం బడి వాలంటీరు, హైదరాబాద్

నమస్కారం. హైదరాబాద్ శివార్లలో, బాలాపూర్ వైపు, రోహింగ్యా కుటుంబాలు ఉండే ఒక గుడిసెల వాడకు మేము కొందరం ఆదివారాలు వెళ్ళి పిల్లలకు చదువు చెబుతున్నాము. మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో 2012లో జరిగిన హింసాకాండ తర్వాత కొందరు, 2017లో జరిగిన సైనిక దాడుల తర్వాత మరికొందరు బంగ్లాదేశ్ మీదుగా ఇక్కడికి చేరుకున్నారు. చాలామంది చేతిలో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, అంటే యూఎన్‌హెచ్‌సీఆర్, ఇచ్చిన కార్డు తప్ప మరే కాగితమూ లేదు.

మా బడికి వచ్చే పదకొండేళ్ళ అమ్మాయి ఒకతె తరచూ మధ్యలోనే లేచి వెళ్ళిపోతుంటే కారణం అడిగాము. ఇంట్లో ఏడేళ్ళ చెల్లెలు ఉందనీ, అమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు తానే చూసుకోవాలనీ చెప్పింది. ఆ చిన్నపాప హైదరాబాద్‌లోనే ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టింది. పుట్టగానే ఏడవలేదని తల్లి అంటోంది. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కండరాల మీద అదుపు తప్పే స్థితి, అని డాక్టర్లు చీటీ మీద రాసి ఇచ్చారు. ఎవరైనా పట్టుకుంటే కాసేపు కూర్చోగలదు, తల నిలపడానికి కష్టపడుతుంది, ఎత్తుకోగానే కాళ్ళు కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి వెళ్ళి బిగుసుకుపోతాయి. మాటలు రావు గానీ అక్క పేరు వినబడితే నవ్వుతుంది, వద్దనుకుంటే ముఖం తిప్పేసుకుంటుంది. తల్లి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని మెత్తగా పిసికిన అన్నం తినిపిస్తుంది. రెండు ముద్దలకోసారి పాపకు పొలమారుతుంది. తండ్రి పాత ఇనుము, ప్లాస్టిక్ ఏరి అమ్ముతాడు. పని దొరకని రోజు ఇల్లు గడవదు.

మేము చందాలు వేసుకుని పాపకు ఒక చక్రాల కుర్చీ కొనాలనుకుంటున్నాము. వికలత్వ ధ్రువపత్రం కోసం శిబిరానికి తీసుకువెళ్తే ఆధార్ లేనిదే పేరు నమోదు కాదన్నారు. దగ్గర్లోని ఒక బడిలో అడిగితే ప్రధానోపాధ్యాయులు మర్యాదగానే మాట్లాడారు గానీ, ఆన్‌లైన్‌లో వివరాలు ఎలా ఎక్కించాలో తెలియదని వెనక్కి పంపారు. మూర్ఛలకు వాడుతున్న సిరప్ అయిపోతే ఒక్కోసారి వారం దాకా తేలేకపోతున్నారు. తండ్రికి ఎవరో స్టెమ్‌సెల్ (మూలకణ) చికిత్సతో పిల్లలు నడుస్తారని చెప్పారట, దానికోసం అప్పు చేయాలని చూస్తున్నాడు.

ఈ రంగంలో పనిచేసిన వారు ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరు.

జవాబు: పిల్లల ఫిజియోథెరపిస్టు, ఖమ్మం

చక్రాల కుర్చీ కొనవద్దు, కనీసం ఇప్పుడే వద్దు. చందాలతో ఇచ్చే కుర్చీలు సాధారణంగా పెద్దవాళ్ళ కొలతలతో ఉంటాయి. తల, నడుము నిలపలేని ఏడేళ్ళ పాపను అందులో కూర్చోబెడితే ఒక పక్కకు ఒరిగిపోయి, వెన్ను వంకర తిరుగుతుంది, తుంటి కీలు జారే ప్రమాదం పెరుగుతుంది. పైగా మీరు చెప్పిన వాడలో వాన పడితే బురద, ఎండితే గతుకులు. కుర్చీ గుడిసె ముందు తుప్పు పట్టి, బట్టలు ఆరేసుకోవడానికి మిగులుతుంది. ఇలాంటివి నేను చాలా చూశాను.

ఆ డబ్బుతో ముందు కార్నర్ చైర్ ఒకటి చేయించండి. రెండు ప్లైవుడ్ పలకలను గోడ మూలలా కలిపి, నేలకు కొద్దిగా ఎత్తులో పీట, ముందు ఒక బల్ల, కాళ్ళ మధ్య మెత్తటి దిమ్మ, నడుము దగ్గర వెడల్పాటి పట్టీ ఉంటే చాలు. మీ వీధి వడ్రంగి ఒక్క పూటలో చేస్తాడు. కొలతలు మాత్రం పాపను చూసిన థెరపిస్టు ఇవ్వాలి. తుంటి, మోకాలు, చీలమండ మూడూ లంబకోణంలో ఉండి పాదాలు కింద ఆనాలి. అలా కూర్చున్న పిల్లకు చేతులు ఖాళీ అవుతాయి, ఎదుటి మనిషి ముఖం కనబడుతుంది.

అన్నింటికన్నా నాకు భయం కలిగించింది ఆ పొలమారడం. వెల్లకిలా పడుకోబెట్టి తినిపిస్తే మెతుకులు, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాపకు తరచూ దగ్గు, జ్వరం, గురగుర వస్తున్నాయా అని తల్లిని అడిగి, వస్తుంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి. ఈ రోజు నుంచే నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో, ఒక ముద్ద పూర్తిగా మింగిన తర్వాతే రెండో ముద్ద పెట్టాలి. పల్చటి పప్పునీళ్ళ కంటే చిక్కటి జావ మింగడం తేలిక. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఎత్తుకోవడం గురించి కూడా ఒక మాట. పసిబిడ్డలా రెండు చేతుల మీద అడ్డంగా మోస్తే కాళ్ళ బిగువు పెరుగుతుంది. మన అమ్మలు పిల్లల్ని చంకనేసుకున్నట్టు, రెండు కాళ్ళూ నడుముకు అటొకటి ఇటొకటి వచ్చేలా ఎత్తుకుంటే కత్తెర విడిపోతుంది. పాప బరువెక్కేకొద్దీ తల్లి నడుము పోతుంది కాబట్టి, కిందికి వంగి కాకుండా మోకాళ్ళు మడిచి లేపడం ఆమెకు చేసి చూపించాలి.

మూర్ఛల మందు ఉన్నపళంగా ఆగిపోతే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తెస్తాయి. మీ చందా డబ్బులో మొదటి వాటా ఆ సిరప్‌కు పక్కన పెట్టండి, ఇంట్లో ఎప్పుడూ ఒక సీసా అదనంగా ఉండాలి. ఇక స్టెమ్‌సెల్ సంగతి: భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం కొన్ని రక్తసంబంధ వ్యాధుల వంటివాటికి చేసే మూలకణ మార్పిడి తప్ప మరే జబ్బుకూ ఈ చికిత్స ఆమోదం పొందలేదు. సెరిబ్రల్ పాల్సీకి అసలే లేదు. తండ్రికి ఈ మాట డాక్టరు చేత చెప్పించండి, మీరు చెబితే ఆశ తుంచేసినట్టు వినిపిస్తుంది.

జవాబు: ప్రత్యేక ఉపాధ్యాయురాలు, నల్లగొండ జిల్లా

నేను ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో పనిచేశాను కాబట్టి బడి విషయం చెబుతాను. ప్రధానోపాధ్యాయుల ఇబ్బంది నిజమే, ఆయన మీద కోపం వద్దు. పిల్లల వివరాలు ఎక్కించే పోర్టల్ ఆధార్ అడుగుతుంది, లేని పిల్లల దగ్గర ఎవరైనా తటపటాయిస్తారు. అయితే 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది. వయసు ధ్రువీకరణ లేదన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి నోటిమాటగా అడగకుండా, తల్లి పేరుతో ఒక దరఖాస్తు రాసి, నకలు మీద బడి ముద్ర వేయించుకుని, అదే నకలును మండల విద్యాధికారికి ఇవ్వండి. పోర్టల్ చిక్కు విప్పవలసింది అక్కడే గానీ బడిలో కాదు. ముద్ర ఉన్న కాగితం చేతిలో ఉంటే తర్వాత ఏ మెట్టు ఎక్కాలన్నా పనికొస్తుంది.

బడిలో పేరు పడితే ప్రభుత్వ బడి విద్యా పథకమైన సమగ్ర శిక్ష కింద మండలంలోని భవిత కేంద్రం తలుపు తెరుచుకుంటుంది. అక్కడ మాలాంటి రిసోర్స్ పర్సన్లు ఉంటారు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపీ శిబిరం జరుగుతుంది. రాలేని పిల్లల ఇంటికి మేమే వెళ్ళి నేర్పే పద్ధతి కూడా ఉంది. అన్ని మండలాల్లోనూ అన్ని పోస్టులూ నిండి ఉంటాయని చెప్పను, కానీ అడగనిదే రారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వస్తాయి. పుట్టుక నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్లో ఎదుగుదల లోపాలను గుర్తించి జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపడం వాళ్ళ పని. వాడ దగ్గరి అంగన్‌వాడీ టీచరును పరిచయం చేసుకోండి, వాళ్ళు ఎప్పుడు వస్తారో ఆమెకే తెలుస్తుంది.

ఇంకొకటి. ఈ పాప వద్దనుకుంటే ముఖం తిప్పుకుంటుంది, ఇష్టమైతే నవ్వుతుంది అని రాశారు. అదే ఆమె భాష. అన్నం, నీళ్ళు, నొప్పి, అక్క, బయటికి, చాలు వంటి ఆరు బొమ్మలు అట్టముక్కల మీద అతికించి, రెండేసి చూపించి ఎటు చూస్తుందో గమనించమనండి. ఇంట్లో వాళ్ళు రోహింగ్యా మాట్లాడినా, బయట ఉర్దూ మాట్లాడినా, బొమ్మలతో ఇబ్బంది లేదు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ బౌద్ధిక వికలాంగుల సాధికారత సంస్థలో పిల్లల తెలివితేటలను, ఎదుగుదలను పరీక్షించి ఇంట్లో ఏం చేయాలో చెబుతారు. అదే ప్రాంగణంలో వినికిడి పరీక్షలు చేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లల్లో చూపు, వినికిడి లోపాలు కలిసి ఉండడం మామూలు, మాటలు రాకపోవడానికి సగం కారణం అక్కడ దొరకవచ్చు.

జవాబు: న్యాయ సహాయ కార్యకర్త, హైదరాబాద్

పై ఇద్దరూ చెప్పిన క్రమం సరైనది. వికలత్వ ధ్రువపత్రం వెంట పడి నెలలు పోగొట్టుకోవద్దు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత విద్య హక్కును ఇచ్చింది. కానీ 2024 అక్టోబరులో మార్చిన నిబంధనలతో దరఖాస్తుకు ఆధార్ తప్పనిసరి అయింది. తెలంగాణలో నెలకు 4,016 రూపాయల వికలాంగుల పింఛను, ఆరోగ్యశ్రీ కార్డు కూడా ఈ పాపకు ప్రస్తుతం అందేవి కావు. ఈ మాట తల్లిదండ్రులకు సూటిగా చెప్పండి. మీరు ‘చూద్దాం’ అన్నంతసేపూ వాళ్ళు కూలి మానుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతారు.

ఆధార్ ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారులు ఆ వాడల్లో తిరుగుతుంటారు. దయచేసి ఎవరినీ ఆ దారి పట్టనీయకండి. తప్పుడు చిరునామాతో ఆధార్, ఓటరు కార్డు తీసుకున్నారని రోహింగ్యాలపై కేసులు పెట్టి జైలుకు పంపిన సంఘటనలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. 1951 శరణార్థుల ఒప్పందం మీద భారతదేశం సంతకం చేయలేదు, మనకు ప్రత్యేక శరణార్థి చట్టమూ లేదు. యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు ఉన్నా ప్రభుత్వం దృష్టిలో వీసా లేని విదేశీయులుగానే లెక్క. తండ్రి ఒక్కడు జైలుకు వెళితే ఆ పాప మందు ఆగిపోతుంది. అంతకన్నా పెద్ద వైకల్య సమస్య ఉండదు.

ఇదే కారణంగా పాప ఫొటో, పేరు, వాడ గుర్తులు సోషల్ మీడియాలో పెట్టి చందాలు అడగవద్దు. మీ ప్రశ్నలో ఊరి పేరు రాయడం కూడా అవసరానికి మించిందే, వీలైతే తీసివేయండి.

పనికివచ్చే కాగితం ఒకటుంది, దాని గురించి ఎవరూ ఆలోచించరు: జనన ధ్రువపత్రం. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం ఈ దేశంలో జరిగిన ప్రతి జననమూ నమోదు కావాలి, తల్లిదండ్రుల జాతీయతతో పని లేదు. ప్రభుత్వ ఆసుపత్రిలో పుట్టిన పాప కాబట్టి నమోదు అయ్యే ఉండవచ్చు. ఆసుపత్రి డిశ్చార్జి చీటీ వెతికించి, ఆసుపత్రి ఉన్న ప్రాంతపు మున్సిపల్ కార్యాలయంలో అడగండి. నమోదు కాకపోతే, ఏడాది దాటింది కాబట్టి, 2023 సవరణ ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు లేదా ఆయన అధికారం ఇచ్చిన అధికారి ఉత్తర్వు కావాలి, కష్టమే గానీ అసాధ్యం కాదు. దీనివల్ల పౌరసత్వం రాదు, ఆ ఆశ పెట్టవద్దు. బడికి వయసు రుజువవుతుంది, ఏ దేశమూ తమది అనని పిల్లకు ఎక్కడ, ఎవరికి పుట్టిందో చెప్పే ప్రభుత్వ పత్రం ఒకటి మిగులుతుంది.

బడి నిరాకరిస్తే ఉన్న ఆసరా ఇది. రోహింగ్యా పిల్లల చదువు మీద వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరి 28న, పిల్లలు ముందు ప్రభుత్వ బడులను ఆశ్రయించాలనీ, ప్రవేశం నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్ళవచ్చనీ చెప్పింది. అందుకే పైన టీచరుగారు చెప్పిన ముద్ర వేసిన నకలు అంత ముఖ్యం. రాజ్యాంగంలో జీవించే హక్కును ఇచ్చే 21వ అధికరణం పౌరులకే కాక మనుషులందరికీ వర్తిస్తుందని చక్మా శరణార్థుల కేసులో 1996లోనే తీర్పు ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో, బస్తీ దవాఖానాలో వైద్యం కోసం కూడా ఈ ధైర్యంతోనే వెళ్ళండి, మొదటిసారి మీలో ఒకరు తోడు వెళ్తే చీటీ రాసే కౌంటరు దగ్గర ప్రశ్నలు తగ్గుతాయి.

ఇవన్నీ మీ చేతుల్లోనే పెట్టుకోకుండా యూఎన్‌హెచ్‌సీఆర్ భాగస్వామిగా నగరంలో పనిచేస్తున్న సంస్థకు పాప వివరాలు చెప్పించండి. కుటుంబం నమోదులో పాపకు వైకల్యం ఉందని రాసి ఉందో లేదో చూడమనండి. రాయకపోతే ప్రత్యేక సహాయానికి ఆ ఇల్లు లెక్కలోకే రాదు. ‘మీ బిడ్డ వికలాంగురాలా’ అని అడిగితే సిగ్గుతోనో భయంతోనో తల్లిదండ్రులు కాదంటారు. యూనిసెఫ్, వైకల్య గణాంకాల మీద పనిచేసే వాషింగ్టన్ గ్రూప్ కలిసి తయారుచేసిన ప్రశ్నావళిలో ఉన్నట్టు, నడవడానికి కష్టమా, ఇతరులు చెప్పింది అర్థం చేసుకోవడం కష్టమా అని పనుల గురించి అడిగితే నిజం బయటికి వస్తుంది.

ప్రశ్న వేసినవారు

అందరికీ కృతజ్ఞతలు. వాడ గుర్తులు తీసివేయమని నిర్వాహకులను కోరాను. కుర్చీ ఆలోచన మానుకున్నాము. ఇంకొక సందేహం మిగిలింది. ఆ పెద్దపిల్లను బడికి పంపమంటే తల్లి కన్నీళ్ళు పెట్టుకుంటోంది, ‘అది వెళితే దీన్ని ఎవరు చూస్తారు’ అంటోంది. ఆమెను ఎలా ఒప్పించాలి?

జవాబు: ఒక తల్లి, విజయవాడ

నా కొడుకుకు పంతొమ్మిదేళ్ళు, వాడికీ ఇదే సమస్య. నేను శరణార్థిని కాను, సొంత ఇల్లు, భర్త ఉద్యోగం, అత్తగారి సాయం అన్నీ ఉన్నాయి, అయినా మొదటి ఐదేళ్ళు స్నానం కూడా పరుగు మీదే చేశాను. ఆ తల్లిని ఒప్పించే ప్రయత్నం చేయవద్దు. ఆమె చెప్పింది లెక్క ప్రకారం నిజం. ఆ లెక్క మార్చడమే మీ పని.

ఆ వాడలో ఇలాంటి బిడ్డ ఇంకొకరు ఉంటారు, వెతకండి. రెండు మూడు ఇళ్ళ తల్లులు కలిస్తే వంతులవారీగా ఒకరు ఇద్దరు పిల్లల్ని రెండు గంటలు చూసుకోవచ్చు. మీ ఆదివారం బడిలోనే ఒక మూల చాప వేసి, ఆ కార్నర్ చైర్ అక్కడ పెట్టి, ఒక వాలంటీరు పాప దగ్గర కూర్చుంటే పెద్దపిల్ల లేచి వెళ్ళవలసిన అవసరం రాదు. చిన్నది కూడా పిల్లల మధ్య ఉంటుంది. నీళ్ళ సమయమే అడ్డంకి అయితే పొరుగింటి వాళ్ళకు చెప్పి రెండు బిందెలు వేయించే ఏర్పాటు చేయండి. చెన్నైలో శ్రీలంక తమిళ శరణార్థుల కోసం 1984లో ఎస్.సి. చంద్రహాసన్ గారు మొదలుపెట్టిన ఓఫెర్ అనే సంస్థలో శరణార్థులే శిక్షణ పొంది తమ వాళ్ళకు సేవ చేస్తూ వచ్చారు. మీరు కూడా వాడలోని చదువుకున్న యువతి ఒకరికి తినిపించడం, ఎత్తుకోవడం నేర్పిస్తే మీరు రాని ఆరు రోజులూ ఆ ఇంటికి మనిషి ఉంటుంది.

ఎవరూ అడగని విషయం ఒకటి అడుగుతాను. నిప్పు అంటుకుంటే పాపను ఎవరు బయటికి తెస్తారు? ఢిల్లీలోని కాళిందీ కుంజ్ దగ్గర రోహింగ్యా గుడిసెలు 2018లో ఒకసారి, 2021లో మళ్ళీ తగలబడ్డాయి. టార్పాలిన్, వెదురు నిమిషాల్లో అంటుకుంటాయి. తల్లి, అక్క కాక ఇరుగుపొరుగు ఇద్దరి పేర్లు ముందే అనుకుని, వాళ్ళకు పాపను ఎత్తుకోవడం అలవాటు చేయాలి. రాత్రి పాప పడుకునే చోటు తలుపు పక్కన ఉండాలి.

జవాబు: స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు, డాలస్

నా తరగతిలో రోహింగ్యా, అఫ్గాన్ కుటుంబాల పిల్లలు ఉన్నారు కాబట్టి అనువాదం గురించి మాత్రం రాస్తాను. ఇక్కడి చట్టం ప్రకారం తల్లిదండ్రుల అంగీకారం తీసుకునేటప్పుడు వాళ్ళ భాషలోనే వివరించాలి, దానికి దుబాసీని బడే పెడుతుంది. మీకు ఆ వసతి లేదు, అందుకని పదకొండేళ్ళ అక్కను డాక్టరు దగ్గర దుబాసీగా నిలబెట్టే ప్రమాదం ఉంది. దయచేసి ఆ పని చేయవద్దు. చెల్లెలు ఎప్పటికీ నడవకపోవచ్చన్న మాటను తల్లికి చెప్పే భారం ఆ పిల్ల మీద పడకూడదు. వాడలో ఉర్దూ బాగా వచ్చిన పెద్ద మనిషిని, వీలైతే ఆడమనిషినే, వెంట తీసుకువెళ్ళండి.

రోహింగ్యా భాషను రాసి చదివే అలవాటు ఆ తల్లుల్లో చాలా తక్కువ. థెరపిస్టు చెప్పిన వ్యాయామాలను కరపత్రంగా ఇవ్వకుండా, ఆమె ఫోనులోనే, ఆమె బిడ్డ మీదే చేసి చూపిస్తూ చిన్న వీడియోలు తీసి, వాళ్ళ భాషలో ఒకరి చేత చెప్పించి ఇవ్వండి. మందు మోతాదును సిరప్ మూత మీద శాశ్వత సిరాతో గీత గీసి చూపించండి. తర్వాతి అపాయింటుమెంటు తేదీని మీరు గుర్తు పెట్టుకోవద్దు, తండ్రి ఫోనులో అలారంగా పెట్టించండి.